ఎండ్‌గేమ్ దగ్గర ఆగిపోయావా? అన్నీ చూడక్కర్లేదు, కానీ కొన్ని వదలొద్దు

ముందు నీ ప్రశ్నేంటో మళ్లీ చెప్తా, చదివే మిగతావాళ్లకి తెలియాలి కదా. మార్వెల్ వాళ్ల అవెంజర్స్: ఎండ్‌గేమ్ వచ్చినప్పుడు స్కూల్లో ఉన్నావు, ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్ చనిపోతే ఏడ్చావు, తర్వాత రెండు మూడు సినిమాలు చూసి విసుగొచ్చి వదిలేశావు. ఇప్పుడు ఆ టోనీగా చేసిన రాబర్ట్ డౌనీ జూనియర్ అవెంజర్స్: డూమ్స్‌డేలో డాక్టర్ డూమ్ అనే విలన్‌గా వస్తున్నాడని తెలిసి మళ్లీ మనసు లాగుతోంది. మధ్యలో వచ్చినవన్నీ చూడాలా, కొత్తవాటిలో అసలు పస ఉందా, అందరూ అంటున్నట్టు సూపర్‌హీరో సినిమాల పని అయిపోయిందా అని అడిగావు. అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. 2002లో టోబీ మగ్వైర్ స్పైడర్‌మ్యాన్ దగ్గర్నుంచి ఈ సినిమాలు వదలకుండా చూస్తున్నవాణ్ని, కామిక్స్ కూడా చదువుతాను, అంచేత కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకో. 2025 సినిమాల కథలు కొన్ని చోట్ల బయటపెట్టేస్తాను, చూడనివాళ్లు జాగ్రత్త.

అన్నీ చూడక్కర్లేదు. సగం కూడా చూడక్కర్లేదు. నీకు సూపర్‌హీరోలంటే విసుగొచ్చిందని నేననుకోను. చదవకుండా పరీక్షకి వెళ్లినవాడిలా సినిమాలో కూర్చోవాల్సి వచ్చింది చూడు, విసుగంతా అక్కడ పుట్టింది. లెక్క చూడు. 2008లో ఐరన్ మ్యాన్‌తో మొదలై 2019 ఎండ్‌గేమ్ దాకా పదకొండేళ్లలో 22 సినిమాలు. ఆ తర్వాత 2021 ఒక్క ఏడాదిలోనే మార్వెల్ నుంచి నాలుగు సినిమాలు, వాటికి తోడు ఐదు సిరీస్‌లు వచ్చాయి. బ్లాక్ విడో, షాంగ్-చీ, ఎటర్నల్స్, నో వే హోమ్ ఒక పక్క. వాండావిజన్, ఫాల్కన్ అండ్ ద వింటర్ సోల్జర్, లోకీ, వాట్ ఇఫ్, హాకై ఇంకో పక్క. ఉద్యోగమో చదువో ఉన్న మనిషి ఇవన్నీ ఎప్పుడు చూడాలి? నాలాంటి పిచ్చోళ్లు చూశారు. చూసి అలిసిపోయారు.

దానికి ఫలితం 2023లో ద మార్వెల్స్ మీద పడింది. ఆ సినిమా తిన్నగా అర్థం కావాలంటే కెప్టెన్ మార్వెల్ చూసుండాలి, వాండావిజన్ చూసుండాలి, మిస్ మార్వెల్ సిరీస్ కూడా చూసుండాలి. లేకపోతే ముగ్గురు హీరోయిన్లలో ఒకామె ఎక్కణ్నుంచి ఊడిపడిందో, ఇంకొకామెకి శక్తులు ఎప్పుడొచ్చాయో పక్కవాణ్ని అడుగుతూ కూర్చోవాలి. నిజానికి సరదాగా ఉండే సినిమానే, ఇమాన్ వెల్లానీ చేసిన కమలా ఖాన్ పాత్ర నాకు చాలా ఇష్టం. అయినా ప్రపంచం మొత్తం మీద 20 కోట్ల డాలర్ల పైచిలుకు దగ్గరే ఆగిపోయింది, మార్వెల్ స్టూడియోస్ ఈ వరసలో తీసినవాటిలో అన్నిటికన్నా తక్కువ. మరీ ఎక్కువ తీసి పలచబడిపోయామని మార్వెల్ యజమాని డిస్నీకి అప్పటి అధిపతి బాబ్ ఐగర్ కూడా అదే ఏడాది బయటికే ఒప్పుకున్నాడు.

సూపర్‌హీరోల పని అయిపోయిందనేవాళ్లు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. అదే 2023 మే నెలలో గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ మూడో భాగం వచ్చి 84 కోట్ల డాలర్లు తెచ్చిన సంగతి ఎత్తరు. అదే కంపెనీ, అదే ఏడాది, అదే జనం. ఏంటి తేడా? ప్రయోగశాల బోనులో పెరిగిన ఒక రకూన్ చిన్నప్పటి కథ అది. రాకెట్ అనే ఆ రకూన్‌కి ఏమైందో, ఎందుకలా అందరి మీదా విసుక్కుంటాడో తెలుసుకోడానికి వేరే సిరీస్ ఏదీ చూసుండక్కర్లేదు. నీటికుక్క, వాల్రస్, కుందేలు పక్కపక్కన పడుకుని తమకి తామే పేర్లు పెట్టుకునే సీన్ ఒకటుంది, నేను ఆ సినిమా మూడుసార్లు చూశాను, ఆ సీన్ మాత్రం రెండోసారి నుంచి చూడలేక తల తిప్పుకున్నాను. 2024లో డెడ్‌పూల్ అండ్ వుల్వరీన్ 130 కోట్ల డాలర్లు దాటింది. అయిపోయిన జానర్‌కి అంత డబ్బు ఎవడు పెడతాడు?

ఇక 2025 సంగతి. నీకు కావాల్సిన జవాబు ఎక్కువగా ఇక్కడే ఉంది.

కెప్టెన్ అమెరికా: బ్రేవ్ న్యూ వరల్డ్ గురించి ఒక్క ముక్కలో చెప్పేస్తా, సగటు సినిమా, తీరిక దొరికితే చూడు. థండర్‌బోల్ట్స్ మాత్రం ఎండ్‌గేమ్ తర్వాత మార్వెల్ తీసినవాటిలో నాకు పైవరసలో నిలబడే సినిమా, దీని గురించి ఎవరితోనైనా వాదనకి రెడీ. మొదటి సీన్‌లో యెలీనా కౌలాలంపూర్‌లోని మెర్డెకా 118 మీంచి దూకుతుంది. బుర్జ్ ఖలీఫా తర్వాత ప్రపంచంలో అంత ఎత్తైన భవనం అదే, అక్కణ్నుంచి ఆ పాత్ర చేసిన ఫ్లోరెన్స్ ప్యూ డూప్ లేకుండా తనే దూకింది. కానీ ఆ సీన్‌లో నన్ను పట్టేసింది ఎత్తు కాదు, గొంతు. దూకబోయే మనిషి తన లోపల ఏదో ఖాళీగా ఉందని చెప్పుకుంటుంది, లేదా ఉత్తినే బోర్ కొడుతోందేమో అంటుంది. వేరే సినిమాలో హీరో ఎంట్రీకి వాడుకునే స్టంట్‌ని ఇక్కడ ఒక దిగులు గురించి చెప్పడానికి వాడుకున్నారు.

ఆ దిగులే కథంతా. బాబ్ అని ఒక కుర్రాడు ఉంటాడు, లూయిస్ పుల్మన్ చేశాడు, వాడికి దేవుడంతటి శక్తి ఇచ్చేస్తారు, శక్తితో పాటు వాడి లోపలున్న చీకటి కూడా బయటికొస్తుంది. ఆ చీకటి న్యూయార్క్ వీధుల్లో మనుషుల్ని నల్లటి నీడల్లా మార్చేస్తుంది, చప్పుడు ఉండదు, రక్తం ఉండదు, మనిషి ఉన్నచోట మరక మాత్రం మిగులుతుంది. నాకు సగం ప్రాణుల్ని మాయం చేసిన విలన్ థానోస్ చిటిక కంటే ఇదే ఎక్కువ భయం వేసింది. క్లైమాక్స్‌లో బాబ్ తన చీకటిని తానే గుద్దుతూ ఉంటాడు, గుద్దినకొద్దీ అది వాణ్ని మింగుతూ ఉంటుంది, అప్పుడు మిగతావాళ్లంతా వెళ్లి వాణ్ని పట్టుకుంటారు. గట్టిగా వాటేసుకుంటారు, అంతే. వేల కోట్ల డాలర్ల ఫ్రాంచైజీ ఒకటి తన పెద్ద ఫైట్‌ని కౌగిలింతతో ముగించడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. దర్శకుడు జేక్ ష్రాయర్ పేరు గుర్తుపెట్టుకో.

అంత మంచి సినిమాకి ఎంతొచ్చింది? 38 కోట్ల డాలర్లు. నాకు ఒళ్లు మండింది. మంచి కథ ఉంటే చూస్తాం అని రోజూ అరిచేవాళ్లు తీరా వచ్చాక ఓటీటీలో చూద్దాంలే అన్నారు. అయితే జనాన్ని పూర్తిగా తప్పుపట్టను, వరసగా నాలుగైదుసార్లు దెబ్బతిన్నవాడు ఐదారోసారి ఆలోచిస్తాడు, నమ్మకం పోవడానికి రెండేళ్లు చాలు, తిరిగి రావడానికి ఎక్కువే పడుతుంది. సినిమా పేరు పక్కన పెట్టిన నక్షత్రం గుర్తుకి (*) అర్థం న్యూ అవెంజర్స్ అని విడుదలైన మూడు రోజులకే స్టూడియోనే బయటపెట్టేయడం ఇంకో దారుణం. సర్‌ప్రైజ్ దాచుకున్నవాళ్లే పోస్టర్ వేసుకుంటే ఎలా.

మార్వెల్‌కి పోటీ కంపెనీ డీసీ వైపు వద్దాం. 2022 చివర్లో జేమ్స్ గన్, పీటర్ సఫ్రాన్ చేతికి డీసీ స్టూడియోస్ వచ్చింది. పై గార్డియన్స్ తీసింది ఈ గన్నే. 2025 జులైలో ఆయన సూపర్‌మ్యాన్ వచ్చింది. ట్రైలర్‌లో కుక్కని చూసి నేను భయపడ్డాను, ఒప్పుకుంటా. సినిమా మొదలయ్యేసరికి సూపర్‌మ్యాన్ మొదటిసారి ఓడిపోయి మంచులో పడి ఉంటాడు, ఆ కుక్క వచ్చి లాక్కెళ్తుంది. పుట్టిన గ్రహం క్రిప్టాన్ పేలడం, పసిబిడ్డ రాకెట్‌లో రావడం, పొలంలో పెరగడం, ఇవేవీ మళ్లీ చూపించలేదు. 1938 నుంచి ఉన్న పాత్ర, అందరికీ తెలిసిన కథే, మళ్లీ దేనికి? నేరుగా నడిమధ్యలో దించేశాడు. హమ్మయ్య అనిపించింది.

నాకు బాగా నచ్చింది అందులో గాల్లో జరిగే గొడవలు కావు, ఒక గదిలో జరిగే గొడవ. విలేకరి లోయిస్ తన ప్రియుణ్ని సూపర్‌మ్యాన్‌గా ఇంటర్వ్యూ చేస్తుంది. రెండు దేశాల మధ్య యుద్ధాన్ని నువ్వు ఎవరినడిగి ఆపావు, ఏ అధికారంతో ఆపావు అని నిలదీస్తుంది. మనుషులు చచ్చిపోతున్నారు కదా అంటాడు వాడు, గొంతు పెరుగుతుంది, చిరాకు పడతాడు, ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంటుంది. డేవిడ్ కోరెన్‌స్వెట్, రేచెల్ బ్రాస్నహన్ ఆ సీన్‌ని నాటకంలా ఆడారు. అదే సినిమాలో ఇంత పెద్ద రాక్షసుడు ఊరు తొక్కుతుంటే వీడు ఒక ఉడతని పట్టుకుని పక్కకి తప్పిస్తాడు. దాన్ని చాలామంది ఎగతాళి చేశారు. నాకైతే అక్కడే నమ్మకం కుదిరింది, సూపర్‌మ్యాన్ అంటే ఉడతని కూడా వదలనివాడు. లోపాలున్నాయి, పక్క హీరోలు ఎక్కువైపోయారు, ఆ పాకెట్ యూనివర్స్ అనే చిన్న విశ్వంలోని జైలు దగ్గర కథ కాసేపు సాగింది. అయినా 60 కోట్ల డాలర్లు దాటి ఆ ఏడాది సూపర్‌హీరో సినిమాల్లో మొదటి స్థానంలో నిలబడింది. వాడు ఏడుస్తాడు, తప్పు చేస్తాడు, మంచివాడిగా ఉండటానికి సిగ్గుపడడు, జనానికి అది నచ్చింది.

మళ్లీ మార్వెల్‌కి వస్తే, ఒకే కుటుంబంలాంటి నలుగురు హీరోల కథ ఫెంటాస్టిక్ ఫోర్ విషయంలో నా మనసు రెండుగా చీలిపోయింది. 2005, 2007, 2015ల్లో మూడుసార్లు ప్రయత్నించి చేతులు కాల్చుకున్నాక, ఈసారి 1960ల నాటి ఊహల్లోని భవిష్యత్తులా ఒక లోకం కట్టారు, ఆ రంగులు, ఆ టీవీ పెట్టెలు, మైకేల్ జియాకినో సంగీతం, అబ్బో, ఆ లోకంలోనే ఉండిపోవాలనిపిస్తుంది. కథలో ముడి కూడా గట్టిది. గ్రహాల్ని మింగే గెలాక్టస్ వచ్చి మీ పుట్టబోయే బిడ్డని ఇస్తే భూమిని వదిలేస్తా అంటాడు. వీళ్లు ఇవ్వమని చెప్పి తిరిగొస్తారు. ఆ మాట విలేకరుల ముందు ఉన్నదున్నట్టు చెప్పేస్తారు కూడా, అప్పటిదాకా పూజించిన జనం ఒక్కసారిగా వాళ్లింటి ముందుకొచ్చి అరుస్తారు. ఒక్క బిడ్డా, అందరి ప్రాణాలా? ఇంత పదునైన ప్రశ్న ఈ సినిమాల్లో చాన్నాళ్లకి విన్నాను. చివరి అరగంటకి వచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్నని పక్కనపెట్టి విలన్ని గుంటలోకి నెట్టే పని పెట్టుకున్నారు, చనిపోయిన తల్లి రెండు నిమిషాల్లో లేచి కూర్చుంది. మొదటి గంటకి తొమ్మిది మార్కులు, చివరి అరగంటకి ఐదు. అయినా చూడు, ఎందుకంటే సినిమా అయ్యాక పేర్లు పడే మధ్యలో వచ్చే సీన్‌లో ఆకుపచ్చ ముసుగు వేసుకున్న ఒకడు ఆ బిడ్డ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంటాడు, చేతిలో లోహపు ముఖం.

డూమ్.

ఈ పేరు వింటేనే నాకు గుండె వేగం పెరుగుతుంది, దాంతోపాటు టెన్షన్ కూడా. ముందు ఎలా వచ్చాడో చెప్తా. మార్వెల్ అసలు ప్లాన్ కాంగ్ అనే విలన్. 2023లో వచ్చిన యాంట్-మ్యాన్ సినిమా క్వాంటుమేనియాలో వాణ్ని చీమల చేత ఓడించారు, అప్పుడే వాడి మీద భయం పోయింది. తర్వాత ఆ పాత్ర చేసిన నటుణ్ని 2023 డిసెంబర్‌లో కోర్టు దోషిగా తేల్చడం, మార్వెల్ వెంటనే తప్పించేయడం జరిగాయి. కథ మొత్తానికి విలన్ లేకుండా పోయాడు. 2024 జులైలో శాన్ డియేగో కామిక్-కాన్ స్టేజీ మీద ఆకుపచ్చ అంగీలు, ముసుగులు వేసుకున్నవాళ్లు వరసగా నిలబడ్డారు, మధ్యలోవాడు ముసుగు తీశాడు. డౌనీ. ముసుగు కొత్తది, పని పాతదే అన్నాడు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో చెప్తే నవ్వుతావు.

మర్నాడు పొద్దున లేచాక భయం మొదలైంది. డూమ్ 1962లో ఫెంటాస్టిక్ ఫోర్ ఐదో సంచికలో స్టాన్ లీ, జాక్ కర్బీ పుట్టించిన పాత్ర. లాట్వేరియా అనే దేశానికి రాజు, శాస్త్రమూ తెలుసు, మంత్రమూ తెలుసు, ముఖం మీద మచ్చని భరించలేక లోహపు ముసుగు బిగించుకున్నవాడు. తను చెడ్డవాణ్నని వాడు ఒక్క క్షణం కూడా అనుకోడు. లోకం నా చేతికిస్తే బాగుపడుతుంది, ఇవ్వట్లేదు కాబట్టి లాక్కుంటున్నా, అంతే వాడి లాజిక్. వాడి గుండెలో ముల్లు ఒకటే, ఫెంటాస్టిక్ ఫోర్ నాయకుడు రీడ్ రిచర్డ్స్. 2015లో జొనాథన్ హిక్మన్ రాసిన సీక్రెట్ వార్స్ కామిక్‌లో విశ్వాలన్నీ నాశనమైపోతే మిగిలిన ముక్కలు ఏరి డూమ్ ఒక లోకం కడతాడు, దానికి తనే దేవుడై కూర్చుంటాడు, రీడ్ భార్యని తన భార్యగా, రీడ్ పిల్లల్ని తన పిల్లలుగా పెట్టుకుంటాడు. అంత శక్తి వచ్చాక కూడా తన ముఖాన్ని మాత్రం బాగుచేసుకోడు. చివర్లో, ఇదే శక్తి రీడ్ చేతిలో ఉంటే ఇంకా బాగా చేసుండేవాడని పళ్లు కొరుక్కుంటూ ఒప్పుకుంటాడు. దేవుడైనవాడి ఓటమి అది. ఎవరూ వాణ్ని కొట్టక్కర్లేదు.

ఇప్పుడు నా భయమేంటో అర్థమైందా? డూమ్ బలమంతా ఆ ముసుగులో ఉంది. కింద ఉన్న ముఖం మనకి కనపడకూడదు. తెలిసిన ముఖం అస్సలు కాకూడదు. డౌనీ ముసుగు తీసిన మరుక్షణం థియేటర్ ఊగిపోతుంది, ఈలలు పడతాయి, నేనూ వేస్తానేమో. కానీ ఆ ఈలలు పడేది డూమ్‌కి కాదు, టోనీకి. పైగా వీడు ఏదో వేరే విశ్వంలో చెడిపోయిన టోనీ స్టార్క్ అని కథ అల్లితే, అరవై ఏళ్ల పాత్రని ఇంకో పాత్రకి నీడగా మార్చేసినట్టవుతుంది. విక్టర్ వాన్ డూమ్ ఎవరికీ నీడ కాడు, అదే వాడి పొగరు.

మరి ఆశ ఎందుకంటే, డూమ్స్‌డే దర్శకులు రూసో సోదరులు. వింటర్ సోల్జర్, సివిల్ వార్, ఇన్ఫినిటీ వార్ తీసినవాళ్లు. ఇన్ఫినిటీ వార్ ఇంకోసారి చూడు, ఆ సినిమాలో హీరో థానోసే, కోరిక వాడిది, ప్రయాణం వాడిది, కూతుర్ని పోగొట్టుకునే బాధ వాడిది, చివర్లో ప్రశాంతంగా కూర్చుని సూర్యోదయం చూసేది కూడా వాడే. విలన్ చుట్టూ సినిమా కట్టడం వాళ్లకి తెలుసు. డౌనీ మంచి నటుడన్న సంగతి కూడా మనం కవచం వెలుతురులో మర్చిపోతుంటాం, ఓపెన్‌హైమర్‌లో అసూయతో కుళ్లిపోయే స్ట్రాస్‌గా చేసి ఆస్కార్ తీసుకున్నాడు. అసూయతో కుళ్లిపోయే తెలివైనవాడు, వినడానికి డూమ్‌లాగే లేడూ?

ఇంకో చిన్న బెంగ, జనసందోహం. 2025 మార్చిలో డూమ్స్‌డే నటుల పేర్లు చెప్పడానికి కుర్చీల వెనకాల పేర్లు రాసి ఒక్కో కుర్చీ చూపిస్తూ ఐదు గంటలకి పైగా లైవ్ నడిపారు. నేను ఉద్యోగం చేసుకుంటూ పక్కన పెట్టుకుని చూశాను, కుర్చీల్ని. 27 పేర్లు. పాట్రిక్ స్టీవర్ట్, ఇయన్ మెకెలెన్‌తో సహా పాత ఎక్స్-మెన్ సినిమాల హీరోలు కూడా దిగుతున్నారు. పేరు పడగానే గంతులేశాను, కానీ ఇంతమందికి తలా నాలుగు నిమిషాలిస్తే డూమ్‌కి ఏం మిగులుతుంది?

అవెంజర్స్: డూమ్స్‌డేని ముందు 2026 మేలో అనుకున్నారు, తర్వాత డిసెంబర్ 18కి జరిపారు, దాని తర్వాతి సినిమా సీక్రెట్ వార్స్‌ని 2027 డిసెంబర్ 17కి. జరిపినందుకు చాలామంది తిట్టుకున్నారు, నేను సంతోషించాను. హడావిడిగా చేసిన గ్రాఫిక్స్ ఎలా ఉంటాయో క్వాంటుమేనియాలో చూశాం, ఆ పని చేసేవాళ్లు ఎంత నలిగిపోయారో 2023లో మార్వెల్ గ్రాఫిక్స్ ఉద్యోగులు యూనియన్ కోసం ఓటేసినప్పుడు తెలిసింది. ఆలస్యమైనా పర్లేదు, నీళ్లలా కారిపోయే కవచాలు మాత్రం వద్దు.

సరే, నువ్వు ఏం చూడాలి. లోకీతో మొదలుపెట్టు, రెండు సీజన్లు కలిపి 12 ఎపిసోడ్లు, మల్టీవర్స్ (ఒకటి కాదు, ఎన్నో విశ్వాలు) అంటే ఏంటో అందులోనే అర్థమవుతుంది, రెండో సీజన్ చివరి ఎపిసోడ్ మార్వెల్ తీసినవాటిలో గొప్పవాటిలో ఒకటి. తర్వాత నో వే హోమ్, నువ్వు ఈపాటికి చూసే ఉంటావు. షాంగ్-చీ చూడు, బస్సు ఫైట్ కోసమైనా. అక్కణ్నుంచి నేరుగా డెడ్‌పూల్ అండ్ వుల్వరీన్, దానికి ముందు వుల్వరీన్ పాత సినిమా లోగన్ చూడకపోయుంటే తప్పకుండా అది చూడు. థండర్‌బోల్ట్స్, ఫెంటాస్టిక్ ఫోర్. అంతే, నెల రోజుల వీకెండ్లకి సరిపోతుంది. గార్డియన్స్ మూడు డూమ్ కోసం అవసరం లేదు, నీకోసం చూడు. సీక్రెట్ ఇన్వేజన్ పేరు చూసి మోసపోకు, ఆరు ఎపిసోడ్లు, ఆరూ దండగ. లవ్ అండ్ థండర్ గురించి నేను మాట్లాడను, థోర్ అంటే నాకు ఇంకా గౌరవం ఉంది.

డీసీకి వీటితో సంబంధం లేదు, సూపర్‌మ్యాన్ ఒక్కటి చూసి కూర్చో. దాని చివర్లో తాగి తూలుతూ వచ్చి కుక్కని తీసుకెళ్లే అమ్మాయే సూపర్‌గర్ల్, మిల్లీ ఆల్కాక్, ఆమె సినిమా 2026 జూన్ 26కి ప్రకటించారు. అన్న వరసైన సూపర్‌మ్యాన్ పసివాడిగా వచ్చాడు కాబట్టి వాడికి ఏమీ గుర్తులేదు, ఈ పిల్ల మాత్రం తనవాళ్లందరూ చచ్చిపోవడం కళ్లారా చూసి వచ్చింది. ఆ తేడా ఒక్కటి సరిగ్గా పట్టుకుంటే చాలు. 2026 జులై 31న స్పైడర్‌మ్యాన్: బ్రాండ్ న్యూ డే. పీటర్ ఎవరో లోకంలో ఒక్కడికీ గుర్తులేని చోట గత సినిమా ఆగింది, చిన్న గది, కుట్టుమిషన్ మీద తనే కుట్టుకున్న సూట్. ఆ ఒంటరితనాన్ని పది నిమిషాల్లో తుడిచేయకుండా ఉంచితే, నా లెక్కలో డూమ్స్‌డే కంటే ఇదే ముందు. హల్క్, పనిషర్ కూడా ఉన్నారంటున్నారు కాబట్టి కొంచెం గుబులుగానే ఉంది.

లోకీ మొదటి ఎపిసోడ్ చూశాక ఇక్కడే చెప్పు, ఎలా అనిపించిందో. రెండో దాంట్లో నీకో డౌట్ వస్తుంది, ఏ టైమ్‌లైన్ ఎవరిదని, అందరికీ వస్తుంది, ఆపేయకుండా నాలుగో ఎపిసోడ్ దాకా వెళ్లు.